మిగిల్చిన యూనిట్లు లెక్కపెట్టారు, మరి పాత బల్బులు, పాత గ్యాసు, బోరు నీళ్లు ఎవరు లెక్కపెడతారు?

రాష్ట్ర ఇంధన శాఖ అధికారులకు, ఇంధన పొదుపు ప్రణాళిక తయారుచేసే పెద్దలకు, కాలుష్య నియంత్రణ మండలి వారికి నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలో ఒక చిన్న టౌనులో మోటార్ వైండింగ్, ఎలక్ట్రికల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని, ఇదే షాపు. ఆ షాపు వెనక గదిలో ఇప్పుడు నాలుగున్నర బస్తాలున్నాయి. వాటి నిండా కాలిపోయిన సీఎఫ్‌ఎల్ బల్బులు, గోడకు ఆనించి పాత ట్యూబ్‌లైట్లు. కస్టమర్లు కొత్తది కొనుక్కుని పాతది కౌంటర్ మీదే వదిలేసి వెళ్తారు. ఒకప్పుడు నేనూ అందరిలాగే చెత్తబండిలో వేసేవాణ్ణి. మూడేళ్ల కిందట మా షాపులో పనిచేసే కుర్రాడి చేతిలోంచి ట్యూబ్‌లైటు జారి పగిలింది. వాడు చీపురు తీసుకుని గబగబా ఊడ్చేశాడు, పైన ఫ్యాను తిరుగుతోంది, ఆ తెల్లపొడి షాపంతా లేచింది. వాడికి పదిహేడేళ్లు. ఆ రాత్రి ఇంటికెళ్లి ట్యూబ్‌లైట్లో, సీఎఫ్‌ఎల్‌లో ఏముంటుందో చదివాను, విషమైన పాదరసం. మర్నాటి నుంచి ఒక్క సీఎఫ్‌ఎల్ కూడా చెత్తలో వేయలేదు, బస్తాల్లో దాస్తూ వచ్చాను.

దాచి ఏం చేయాలి? ఇది అడగడానికే రెండేళ్లలో మూడు అర్జీలు రాశాను. ఒక ఆఫీసులో పొడి చెత్తలో వేసెయ్యమన్నారు. ఇంకో ఆఫీసులో, మాది కరెంటు ఇచ్చేవరకే, బల్బు కాలాక మాకు సంబంధం లేదన్నారు. మూడోచోట అర్జీ తీసుకుని నంబరు వేసిచ్చారు, ఏడు నెలలైంది, నా దగ్గర ఆ నంబరే ఉంది. ఆ ఆఫీసుల పేర్లు ఇక్కడ రాయను, ఎందుకంటే అక్కడ కౌంటర్లో కూర్చున్నవాళ్లకు చెప్పడానికి సమాధానం లేదు, పైనుంచి ఎవరూ వాళ్లకు చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం నేరుగా మీకు, అందరూ చదివేలా రాస్తున్నాను.

మీ పథకాలకు నేను వ్యతిరేకిని కాదు, అది ముందే చెప్తున్నా. 2014 చివర్లో మన రాష్ట్రంలో పది రూపాయలకు ఎల్‌ఈడీ బల్బులివ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి జిల్లాల్లో మా అనంతపురం ఉంది. అరవై వాట్ల బల్బు తీసి ఏడు వాట్ల బల్బు పెట్టాక బిల్లు ఎంత తగ్గిందో మా ఇంట్లోనే చూశాను. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చిపెట్టాక అక్కడ దాదాపు 90 వేల వీధి దీపాలను ఎల్‌ఈడీకి మార్చారు, అది మామూలు పని కాదు. ఒక యూనిట్ కరెంటు తయారీకి థర్మల్ కేంద్రంలో దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది, మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. థర్మల్ కేంద్రాలున్న ఇబ్రహీంపట్నం దగ్గర ఉండేవాళ్లకూ, ముద్దనూరు దగ్గర ఉండేవాళ్లకూ కరెంటు ఆదా అంటే తమ ఇంటి గడప మీద పడే బూడిద తగ్గడమే. ఆ మేలు నాకు తెలుసు.

కానీ మీ లెక్కల్లో నాకు కనిపించేది ఇన్ని యూనిట్లు మిగిలాయి, ఇన్ని కోట్లు మిగిలాయి, ఇంత కార్బన్ తగ్గింది అన్నవే. ఇంట్లోంచి తీసేసిన పాత వస్తువు ఎక్కడికి పోయింది, దాంట్లోంచి ఏం కారింది, ఏం ఆవిరైంది, మోటారు మార్చాక భూమిలో నీళ్లేమయ్యాయి, ఇవి ఎక్కడా లేవు. షాపులో కూర్చుని రోజూ నేను చూసేది ఈ రెండో సగమే.

1. పాదరసం. 2009లో బచత్ ల్యాంప్ యోజన అని, సీఎఫ్‌ఎల్ బల్బును 15 రూపాయలకే ఇచ్చే పథకం వచ్చింది. పథకంలో తీసుకున్నవాళ్లు తీసుకున్నారు, బయట కొన్నవాళ్లు కొన్నారు, మొత్తానికి కొన్నేళ్లపాటు ఇంటింటా సీఎఫ్‌ఎల్ వెలిగింది. ఆ బల్బు ఒక్కొక్కదాంట్లో 3 నుంచి 5 మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. తాగే నీళ్లలో పాదరసం లీటరుకు 0.001 మిల్లీగ్రాము దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం చెప్తోంది. అంటే 4 మిల్లీగ్రాములున్న ఒక్క బల్బులో ఉన్నది 4 వేల లీటర్ల నీళ్లను, ఒక ట్యాంకరు నీళ్లను, ఆ హద్దు దాకా తీసుకురావడానికి సరిపోతుంది. మా టౌనులో చెత్తంతా చెరువు పక్కనే పోస్తారు.

దీనికి ఒక జవాబు వస్తుందని తెలుసు. బొగ్గులోనూ పాదరసం ఉంటుంది, సీఎఫ్‌ఎల్ వాడి బొగ్గు తగ్గించడం వల్ల మొత్తం మీద పాదరసం తగ్గిందే కదా అంటారు. ఆ లెక్క నిజమే, ఒప్పుకుంటాను. కానీ పొగగొట్టంలోంచి పోయినదాన్ని నేను గానీ మీరు గానీ వెనక్కి తేలేం. బల్బులో ఉన్నది గాజులో మూసిపెట్టి మన చేతిలోనే ఉంది. పగలకుండా తీసుకుంటే చాలు. అంత తేలిగ్గా ఆపగలిగేదాన్ని ఆపకపోవడమే నాకు బాధ.

పగిలితే ఏం చేయాలో కూడా జనానికి ఎవరూ చెప్పలేదు. ఫ్యాను ఆపాలి, కిటికీలు తెరవాలి, పిల్లలతో సహా అందరూ పది పదిహేను నిమిషాలు ఆ గదిలోంచి బయటికి పోవాలి. చీపురుతో ఊడవకూడదు. గట్టి అట్టముక్కతో గాజు ఎత్తి, సన్న పొడిని టేపుతో అద్ది, మూత బిగుసుకునే సీసాలో వేయాలి. చిన్న చిన్న జాగ్రత్తలే, కానీ ఇన్నేళ్లలో ఒక్క బల్బు అట్టపెట్టె మీద కూడా ఇవి తెలుగులో రాసి ఉండగా నేను చూడలేదు. దీనివల్ల నష్టపోయేది ముందుగా చెత్తబండి మీద నిలబడి కాళ్లతో చెత్త తొక్కే పారిశుద్ధ్య కార్మికులు, ఆ తర్వాత డంపింగ్ యార్డులో ఇనుము, సీసాలు ఏరుకునే ఆడవాళ్లు. వాళ్ల చేతులకు గ్లౌజులుండవు, ముక్కుకు కొంగే అడ్డం.

జపాన్‌లో మినమాటా అనే ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసి, చేపల్లోకి చేరి, ఆ చేపలు తిన్నవాళ్లకు నరాల జబ్బు వచ్చిందని 1956లో బయటపడింది. ఆ ఊరి పేరుతోనే అంతర్జాతీయ ఒప్పందం 2017 ఆగస్టు 16 నుంచి అమల్లో ఉంది, మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. దాని ప్రకారం మామూలు సీఎఫ్‌ఎల్ తయారీకి 2025, పొడుగు ట్యూబ్‌లైట్లకు 2027 ఆఖరి గడువులు. అంటే ఇళ్లలో, బళ్లలో, ప్రభుత్వ ఆఫీసుల్లో ఇంకా వేలాడుతున్న ట్యూబులన్నీ రాబోయే కొన్నేళ్లలో కిందికి దిగుతాయి. ఇప్పుడు ఏర్పాటు చేయకపోతే తర్వాత చేసినా ప్రయోజనం ఉండదు, అప్పటికి అవి పగిలి ఉంటాయి.

2. ఎల్‌ఈడీ బల్బులు. వీటిలో పాదరసం లేదు, ఆ మేరకు మేలే. కానీ పాడైన ఎల్‌ఈడీ బల్బు మూత తిప్పి తీసి చూడండి. లోపల చిన్న డ్రైవర్ బోర్డు, దాని మీద చిటికెన వేలి గోరంత కెపాసిటర్, ఆ కెపాసిటర్ తల ఉబ్బి ఉంటుంది. లేదా పసుపు రంగు చిప్పుల్లో ఒకదాని మీద ఆవగింజంత నల్లచుక్క కనిపిస్తుంది. చిప్పులన్నీ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కటి పోతే బల్బు మొత్తం ఆరిపోతుంది. మిగతావన్నీ బాగానే ఉంటాయి, అల్యూమినియం బాగానే ఉంటుంది, అయినా బల్బు చెత్తలోకే. పెట్టె మీద 25 వేల గంటలని ఉంటుంది, రోజుకు ఐదు గంటలు వెలిగిస్తే పదమూడేళ్లు దాటి రావాలి. నా కౌంటర్ మీదికి రెండేళ్లకు, మూడేళ్లకు వస్తున్నాయి. పల్లెల్లో రాత్రి లోడు తగ్గాక వోల్టేజీ ఎగబాకుతుంది, చవక బల్బుల్లో దాన్ని తట్టుకునే ఏర్పాటుండదు. మూసేసిన డూమ్‌లో పెడితే వేడికే పోతాయి.

దేశం మొత్తం మీద ఉజాలా పథకం కింద పంచినవే 36 కోట్లకు పైగా బల్బులు. ఒక్కో బల్బు 50 గ్రాములనుకున్నా 18 వేల టన్నుల సరుకు. అది ఏదో ఒక రోజు వెనక్కి రావాల్సిందే కదా, ఏ దారిన వస్తుంది? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల (పాత ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామాన్ల) నిబంధనల ప్రకారం తయారీదారులు మొదటి రెండేళ్లు 60 శాతం, తర్వాత రెండేళ్లు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం చొప్పున రీసైక్లింగ్ బాధ్యత తీర్చాలి. చదవడానికి ఎంత బాగుందో. నేను ఇన్నేళ్లుగా బల్బులమ్ముతున్నాను, పాత బల్బులు వెనక్కి తీసుకుంటామని నా షాపు గడప తొక్కిన కంపెనీ మనిషి ఒక్కరు లేరు. పాతిక కిలోల రాగి ఉందంటే మాత్రం పాత సామాన్లవాళ్లు ముగ్గురు వస్తారు.

3. ఏసీలు, ఫ్రిజ్‌లు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టేది ఇది, ఎందుకంటే ఇది కంటికి కనపడదు. పాత ఏసీ తీసి ఫైవ్‌స్టార్ ఏసీ పెట్టుకోండి అని మీరంటారు, నిజంగానే కరెంటు ఆదా అవుతుంది. తీసేసేటప్పుడు ఏం జరుగుతుందో చూశారా? మెకానిక్ బయటి యూనిట్ దగ్గరికి వెళ్లి స్పానర్‌తో నట్టు వదులు చేస్తాడు. బుస్సుమని శబ్దం వస్తుంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. పైపు చుట్టూ మంచులా తెల్లగా పడుతుంది, తర్వాత శబ్దం ఆగిపోతుంది. అంతే, గ్యాసంతా గాల్లో కలిసిపోయింది.

పాత ఏసీల్లో ఉండేది ఆర్-22 అనే చల్లబరిచే గ్యాసు. ఒక కిలో ఆర్-22 గాల్లో కలిస్తే వాతావరణం వేడెక్కే లెక్కలో 1,800 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం, పైగా ఓజోన్ పొరకూ నష్టం. ఒక యూనిట్ కరెంటుకు గ్రిడ్‌లో 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని వేసుకుంటే, ఏసీలో కిలో గ్యాసుంటే ఆ రెండు నిమిషాల బుస్సు 2,500కు పైగా యూనిట్ల పొదుపును మింగేసినట్టు. కొత్త ఏసీ వల్ల ఏడాదికి 400 నుంచి 500 యూనిట్లు ఆదా అయ్యే ఇంట్లో ఐదారేళ్ల ఫలితం అక్కడికక్కడే పోయింది. ఇంకా పాత ఫ్రిజ్‌ల్లో ఆర్-12 ఉంటే అది కిలోకి 10 వేల కిలోలకు పైనే. తర్వాతి ఏసీల్లో వచ్చిన ఆర్-410ఏ కూడా 2 వేలు దాటుతుంది. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 దాంట్లో మూడో వంతు, కొత్త ఫ్రిజ్‌ల్లో వాడే ఐసోబ్యూటేన్ దాదాపు ఏమీ లేనట్టే. కాబట్టి కొత్తది మంచిదే. పాతది తీసే పద్ధతిలోనే లోపం ఉంది.

మెకానిక్‌లను తిట్టి లాభం లేదు. గ్యాసు వెనక్కి లాగే రికవరీ మెషిన్ కొనే స్తోమత మా లాంటి టౌన్లలో ఎవరికుంది? కొన్నా, ఆ సిలిండర్ నిండాక ఎవరికివ్వాలి? ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా రావాలని 2020 జనవరి నుంచి నిబంధన పెట్టారు, ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం ఆదా అని ప్రచారం చేశారు, అది జనంలోకి వెళ్లింది, మా అమ్మకు కూడా తెలుసు. పాత గ్యాసు గురించి మాత్రం ఏసీలు బిగించే కుర్రాళ్లకే తెలియదు.

4. మోటార్లు, బోరు నీళ్లు. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, నా పొట్ట నిండేది దీంతోనే కాబట్టి.

రాష్ట్రంలో 18 లక్షలకు పైగా వ్యవసాయ పంపుసెట్లున్నాయి. 2004 నుంచి ఉచిత కరెంటు, ఇప్పుడు పగలు తొమ్మిది గంటలు. ఉచిత కరెంటు తీసెయ్యమని నేను అనడం లేదు, అది లేకపోతే మా దగ్గర సగం మంది వ్యవసాయం మానుకుంటారు. నా మాట పాత మోటారు తీసి స్టార్ రేటింగ్ మోటారు పెట్టే పథకం గురించి. రాజానగరం వైపు పైలట్‌గా చేశారు, ఆ తర్వాతా అక్కడక్కడా ప్రయత్నాలు జరిగాయి. ఆలోచన సరైనదే. నా షాపుకొచ్చే మోటార్లు చూస్తే ఎవరైనా అదే అంటారు. ఒక్కో మోటారు ఐదారు సార్లు వైండింగ్ అయి వస్తుంది. కాలిన కాయిల్ ఊడిరాకపోతే కొన్ని షాపుల్లో మంట పెట్టి తీస్తారు, ఆ మంటకు లోపలి స్టాంపింగ్ రేకుల మధ్య ఇన్సులేషన్ పోతుంది, ఇక ఆ మోటారు జీవితాంతం ఎక్కువ కరెంటు తాగుతూనే ఉంటుంది. వార్నిష్ కాలిన పొగ కూడా వీధిలోకే. చిన్నప్పుడు నేర్చుకునేటప్పుడు నేనూ అలా తీసినవాణ్ణే.

అయితే లెక్క ఎక్కడ తప్పుతోందంటే, 5 హెచ్‌పీ పాత మోటారు రోజుకు 40 యూనిట్లు తాగుతుందనుకోండి. కొత్తది పావు వంతు తక్కువ తాగుతుంది, కాబట్టి రోజుకు 10 యూనిట్లు ఆదా అని మీ కాగితం మీద పడుతుంది. అది నిజం కావాలంటే రైతు ముందు ఎన్ని నీళ్లు తోడాడో ఇప్పుడూ అన్నే తోడాలి. చేలో జరిగేది వేరు. స్టార్టర్ డబ్బాకు ఆటో స్టార్టర్ బిగించి ఉంటుంది, కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది, కరెంటు పోయేదాకా ఆగదు. కొత్త మోటారు అదే తొమ్మిది గంటల్లో ఎక్కువ నీళ్లు పోస్తుంది. నీళ్లు ఎక్కువ వచ్చాయని రైతు ఇంకో ఎకరం తడుపుతాడు, ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను. యూనిట్లు అనుకున్నంత మిగలవు, భూమిలో నీళ్లు మాత్రం ముందుకంటే తొందరగా అయిపోతాయి.

మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ మంచి ఏడాదైతే. నేను పని నేర్చుకునేటప్పుడు 5 హెచ్‌పీ మోటార్లే ఎక్కువగా వచ్చేవి. తర్వాత ఏడున్నర, ఆ తర్వాత పది. పంపులో నీటిని పైకి నెట్టే స్టేజీలు పెరుగుతూ పోయాయి, కేబుల్ పొడవు పెరుగుతూ పోయింది. నీళ్లు ఎంత లోతుకు పోతే అంత కరెంటు కావాలి, కాబట్టి నీళ్లు పోగొట్టి చేసిన పొదుపు కొన్నేళ్లలోనే మళ్లీ ఖర్చై కూర్చుంటుంది. పోయిన వేసవిలో ఒక రైతు మోటారు తెచ్చి దింపి, అన్నా, దీనికి వైండింగ్ చేయొద్దు, రాగి తీసుకుని డబ్బులివ్వు చాలు అన్నాడు. మోటారు బాగానే ఉంది. బోరు ఎండింది. అది ఆయన వేయించిన నాలుగో బోరు.

ఇది చేతకాని పని కూడా కాదు. 2003 నుంచి కొన్నేళ్లపాటు మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, రబీకి ముందు కూర్చుని ఈసారి ఎంత నీళ్లున్నాయి, ఏ పంట వేద్దాం అని లెక్క వేసుకునే ప్రాజెక్టు నడిచింది, ఏపీఫామ్‌గ్స్ అనేవారు. ఎవరూ బలవంతం చేయలేదు, జరిమానాలు లేవు. తాడుకు కట్టిన చిన్న పరికరం బోరులోకి వదిలితే నీటిని తాకగానే కూత పెట్టేది, ఆ అంకె ఊళ్లో గోడ మీద రాసేవాళ్లు. 2002 నుంచి నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం కూడా మన దగ్గర ఉంది. ఈ రెండింటితో కలపకుండా మోటార్లు మార్చడం అంటే కుండకు చిల్లి ఉండగా పెద్ద చెంబు కొనివ్వడమే.

5. వీధి దీపాలు. విశాఖలో మా తమ్ముడుంటాడు. వాళ్లింటి ఎదురుగా స్తంభానికి తెల్లగా కళ్లు చెదిరే లైటు, పడకగదిలోకే పడుతుంది, ఆ తెలుపులో నీలం పాలు ఎక్కువ, నిద్ర పట్టదు. ఇది మనుషుల సంగతి. మన తీరానికి శీతాకాలం చివర్నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తాబేలు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటపడి ఎటు వెలుతురు ఉంటే అటు నడుస్తాయి, చీకట్లో వాటికి వెలుతురంటే సముద్రమే. బీచ్ రోడ్డు మీద తెల్లలైటు ఉంటే రోడ్డు వైపు నడుస్తాయి, కుక్కల పాలవుతాయి. 3000 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) లోపు పసుపు వెలుతురు, కిందికి మాత్రమే పడేలా మూత, అర్ధరాత్రి దాటాక సగం వెలుతురు, ఇవి పెడితే కరెంటూ ఇంకా మిగులుతుంది. టెండర్లో నాలుగు వాక్యాలు కలిపితే అయ్యే పని.

ఇప్పుడు మా డిమాండ్లు. మా అని ఎందుకన్నానంటే, మా టౌనులో ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, వైండింగ్ పనివాళ్లు కూర్చుని మాట్లాడుకున్నాకే ఇవి రాస్తున్నాను.

మొదటిది, ప్రతి మండలంలో కనీసం ఒకచోట కాలిన సీఎఫ్‌ఎల్, ట్యూబ్‌లైట్లు తీసుకునే కేంద్రం పెట్టండి. కొత్త భవనం అక్కర్లేదు, కరెంటు బిల్లు కట్టే కౌంటర్ పక్కన పగలకుండా దాచే డ్రమ్ము ఒకటి, నెలకోసారి వచ్చే వ్యాను ఒకటి చాలు. దాన్ని లైసెన్సు ఉన్న రీసైక్లర్‌కి చేర్చే బాధ్యత ఎవరిదో జీవోలో పేరుపెట్టి రాయండి, ఈ ఆఫీసు ఆ ఆఫీసు అని తిప్పే అవకాశం లేకుండా. ప్రభుత్వ బళ్లు, ఆసుపత్రులు, ఆఫీసుల్లో దించే ట్యూబులతో ఈ పని మొదలుపెట్టండి, అవి మీ చేతిలో ఉన్నవే.

రెండోది, ప్రభుత్వ డబ్బుతో గానీ ప్రభుత్వ పథకం పేరుతో గానీ ఇకముందు ఏ వస్తువు పంచినా, బల్బయినా, ఫ్యానయినా, ఏసీ అయినా, పాతది వెనక్కి తీసుకున్నట్టు రసీదు ఉండాలి. ఎన్ని ఇచ్చారో ఎన్ని వెనక్కొచ్చాయో జిల్లావారీగా బయటపెట్టాలి. కొనే టెండర్లోనే వోల్టేజీ హెచ్చుతగ్గులు తట్టుకునే రక్షణ, విప్పి రిపేరు చేయగలిగే తయారీ తప్పనిసరి చేయండి. ఎల్‌ఈడీ బల్బు రిపేరు నేర్పిస్తే ఊరికి నలుగురు కుర్రాళ్లకు పని దొరుకుతుంది, నేనే ఉచితంగా నేర్పిస్తాను.

మూడోది, ఏసీ మెకానిక్‌లకు గ్యాసు రికవరీ మీద శిక్షణ ఇచ్చి, టౌనుకో రికవరీ మెషిన్ అద్దెకు దొరికేలా చూడండి. తెచ్చిన గ్యాసుకు కిలోకింత అని ధర కట్టండి. ధర ఉంటే ఒక్క గ్రాము కూడా గాల్లోకి వదలరు, రాగి ఎవరైనా పారేస్తున్నారా?

నాలుగోది, మోటారు మార్చే ప్రతి ఊళ్లో ముందు ఏడాది నీటిమట్టం, తర్వాత మూడేళ్ల నీటిమట్టం కొలిచి పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి. మిగిలిన యూనిట్ల విలువలో కొంత భాగం డ్రిప్పుకు, కుంటలకు, ఆ ఊరికే ఇవ్వాలి. నీళ్లు తక్కువ తోడినందుకు రైతుకు చేతికి డబ్బు అందే దారి చూడండి, అప్పుడు ఆటో స్టార్టర్‌ను ఆయనే పీకేస్తాడు. లైన్‌మన్ వచ్చి పీకితే మర్నాడు మళ్లీ బిగిస్తారు, అది నేనే బిగించి ఇచ్చాను చాలామందికి.

ఐదోది, ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది, 2022లో సవరించారు, ప్రతి డిసెంబరు 14 నుంచి వారం రోజులు ర్యాలీలు, పోటీలు జరుపుతున్నారు. ఈ డిసెంబరు 14 నాటికి రాష్ట్ర పొదుపు ప్రణాళికతో పాటు దాని పర్యావరణ లెక్క కూడా తెలుగులో ప్రచురించండి. పాదరసం ఎంత తిరిగొచ్చింది, ఈ-వ్యర్థం ఎన్ని టన్నులు, గ్యాసు ఎన్ని కిలోలు, ఏ మండలంలో నీళ్లు ఎంత కిందికి పోయాయి, మిగిలిన యూనిట్ల వల్ల ఏ థర్మల్ కేంద్రంలో ఎంత బొగ్గు తగ్గింది. ప్రచురించే ముందు మా జిల్లాలో ఒక్కసారైనా బహిరంగ సభ పెట్టి రైతులను, పారిశుద్ధ్య కార్మికులను మాట్లాడనివ్వండి.

ఈ ఉత్తరానికి నెల రోజుల్లో జవాబు కోరుతున్నాను. అన్నీ ఒకేసారి కావని తెలుసు. మొదటి డిమాండుకైతే పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. నా వెనక గదిలో నాలుగు బస్తాలు నిండాయి, ఐదోది సగానికి వచ్చింది, వానాకాలంలో ఆ గది కారుతుంది. ఎక్కడికి తేవాలో ఒక్క చిరునామా చెప్పండి, ఆటో కట్టించుకుని నా ఖర్చుతో నేనే తెస్తాను.

ఇట్లు
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్
అనంతపురం జిల్లా